ఈతకొలను బొమ్మ సరే, గట్టున ఉండేది ఎవరు?

సంపాదకుల వారికి,

నమస్కారం. బడులకు సెలవులు దగ్గరపడగానే మీ పత్రికలో వేసవి శిబిరాల ప్రకటనలు బారులు తీరతాయి. గుర్రపు స్వారీ, తాళ్ల వంతెన, పడవ షికారు, రాత్రి గుడారాల్లో బస. ఈతకొలను రంగుల బొమ్మ తప్పనిసరి. ఆ కొలను గట్టున పిల్లలను కనిపెట్టుకుని ఉండే మనిషి ఎవరో, ఆ మనిషికి ఏ శిక్షణ ఉందో మాత్రం నేను చూసిన ఒక్క ప్రకటనలోనూ లేదు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉద్యోగమంతా మైదానాల్లో గడిపినవాణ్ని కాబట్టి నా కన్ను ముందు అక్కడికే పోతుంది.

శిబిరాలు వద్దని నేను అనడం లేదు. పిల్లలు చెట్లెక్కాలి, మట్టిలో ఆడాలి, మోకాలు చెక్కుకుపోతే పోనివ్వండి. నేను కోరుతున్నది ఒక్కటే. డబ్బు తీసుకుని పిల్లలను ఆరుబయటికి తీసుకువెళ్లే వారెవరైనా ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. నీటి దగ్గర ఎవరు, మందుల దగ్గర ఎవరు, వంట దగ్గర ఎవరు అన్నది పేరు పేరునా రాసి ఇస్తేనే ఆ అనుమతి రావాలి. ‘మేమందరం చూసుకుంటాం’ అన్నచోట చివరికి ఎవరూ చూడరు.

నీటి సంగతే తీసుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. 5 నుంచి 14 ఏళ్ల పిల్లల మరణాలకు కారణాల్లో ఇది మూడోది. మునిగిపోయే పిల్లవాడు కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని చాలామంది నమ్మకం. ఊపిరి పీల్చుకోవడానికే వ్యవధి లేనప్పుడు కేక ఎలా వస్తుంది? తల వెనక్కి వాలుతుంది. నోరు నీటి మట్టం దాకా వచ్చి మళ్లీ కిందికి పోతుంది. పక్కలకు చాచిన చేతులు నీటిని అదుముతుంటాయి. దూరం నుంచి చూసేవారికి నిలబడి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. చాలాసార్లు అదంతా ఒక్క నిమిషం లోపే ముగిసిపోతుంది. కాబట్టి గట్టున ఉండే మనిషికి కాపలా తప్ప మరో పని ఉండకూడదు. ఈత నేర్పడం కూడా అతని పని కాదు, ఫొటోలు తీయడం అసలే కాదు. (తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకు గంటగంటకూ ఫొటోలు పంపాలనే ఆచారం ఒకటి ఈమధ్య మొదలైంది. ఫొటో తీస్తున్నంతసేపూ ఎవరో ఒకరు పిల్లలను చూడటం మానేశారనే అర్థం. ఇది శిబిరాల వారికి కాదు, తల్లిదండ్రులకు చెబుతున్నాను.)

ఎండ విషయంలో నిర్వాహకులు చెప్పే మాట ఎప్పుడూ ఒక్కటే: అందరికీ నీళ్ల సీసాలు ఇచ్చాం. ఇచ్చారు సరే, పిల్లలు తాగారా? మరుగుదొడ్డి దూరంగా ఉన్నా, తలుపు గడియ పడకపోయినా, కంపు కొడుతున్నా పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, నీళ్లు తాగడం మానేస్తారు. ఎవరికీ చెప్పరు. సీసా నిండుగానే ఉంటుంది. మధ్యాహ్నానికి తలనొప్పి అంటారు, ఎండకు కాస్త వాడిపోయింది అనుకుని ఊరుకుంటాం. పిల్లల్ని చేర్చే ముందు శిబిరం చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు తాళ్ల వంతెన కన్నా ముందు మరుగుదొడ్డికి వెళ్లి, లోపలి నుంచి గడియ వేసి చూడాలి. అక్కడే సబ్బు కూడా ఉందేమో చూడాలి. గోడకు శానిటైజరు సీసా తగిలించి సరిపెడితే కుదరదు. గుంపుల్లో వాంతులు, విరేచనాలు పుట్టించే నోరోవైరస్ మీద అది అంతగా పనిచేయదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగడమే మార్గం.

ఎండను ఫోనులో కనిపించే ఉష్ణోగ్రతతో కొలవడం ఇంకో పొరపాటు. క్రీడాకారులకు, సైనికులకు ఒంటికి తగిలే వేడిని లెక్కగట్టడానికి వాడే డబ్ల్యూబీజీటీ అనే కొలతలో 70 శాతం వాటా తడి వత్తి చుట్టిన థర్మామీటరుది, అంటే ముఖ్యంగా గాలిలోని తేమది. మామూలు గాలి వేడికి దక్కేది 10 శాతమే. ఉక్కపోసే రోజు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా శరీరం ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వారం రోజుల శిబిరాలేమో మొదటి రోజే పరుగు పందేలు పెడతాయి! ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ (104 ఫారెన్‌హీట్) దాటి, పిల్లవాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బే. అంబులెన్సుకు ఫోను చేస్తూనే చన్నీళ్లలో ముంచడమో, ఒళ్లంతా తడిపి విసనకర్రతో విసరడమో మొదలుపెట్టాలి. స్పృహ సరిగా లేని పిల్లవాడి నోట్లో నీళ్లు పోయకూడదు. శిబిరంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ, వంటమనిషితో సహా, ఇంతమాత్రం తెలిసి ఉండాలి.

పిడుగుల గురించి ఒక్క ముక్క. గుడారం, పందిరి, చెట్టు, ఇవేవీ రక్షణ కావు. పక్కా భవనమో, పైకప్పు మూసి ఉన్న బస్సో ఉండాలి. చివరి ఉరుము వినబడ్డాక 30 నిమిషాలు అక్కడి నుంచి కదలకూడదు. పిల్లలను దించేసి బస్సును తిప్పి పంపే శిబిరాలు ఈ సంగతి ఆలోచించాలి.

మందుల విషయంలో తప్పు రెండు వైపులా ఉంది. సీటు ఇవ్వరేమోనని తల్లిదండ్రులు ఉబ్బసం, మూర్ఛ, పక్క తడపడం వంటివి దరఖాస్తులో దాచిపెడతారు. నిర్వాహకులేమో రాసి ఇచ్చినదాన్ని ఫైల్లో పెట్టి మరిచిపోతారు. ఇన్‌హేలరు ఆఫీసు బీరువాలో, తాళం చెవి ఊళ్లోకి సరుకులకు వెళ్లిన మనిషి జేబులో ఉంటే ఆ పిల్లవాడి గతి ఏమిటి? ఇన్‌హేలరు పిల్లవాడి దగ్గరే ఉండాలి. తేనెటీగ కుట్టినా, పడని పదార్థం తిన్నా ప్రాణం మీదికి వచ్చే పిల్లలకు అడ్రినలిన్ సూది వేయడం తెలిసినవారు ఎప్పుడూ పక్కన ఉండాలి. అలెర్జీ మాత్ర దానికి బదులు కాదు.

ఇంత కట్టుదిట్టం అవసరమా అనేవారికి బ్రిటన్ ఉదాహరణ చెబుతాను. 1993 మార్చి 22న లైమ్ అఖాతంలో ఒక సాహస కేంద్రం ఎనిమిది మంది విద్యార్థులను కనూ పడవల్లో సముద్రం మీదికి పంపింది. పడవలు తిరగబడి నలుగురు చనిపోయారు. ఆపదలో వెలిగించే సంకేత జ్యోతులు వారి దగ్గర లేవు. ఆ కేంద్రంలో భద్రత బాగా లేదని, అంతకుముందే ఉద్యోగం మానేసి వెళ్లిన శిక్షకుల్లో ఒకరు యాజమాన్యానికి లేఖ రాశారు కూడా. 1994లో కోర్టు సంస్థనూ దాని డైరెక్టరునూ నరహత్య నేరం కింద దోషులుగా తేల్చింది. 1995లో చట్టం వచ్చింది, లైసెన్సు తప్పనిసరి అయింది. నలుగురు పిల్లలు పోయాక!

లైసెన్సు కాగితం ఒక్కటే కాపాడదని కూడా ఒప్పుకోవాలి. 2025 జూలై 4 తెల్లవారుజామున అమెరికాలోని టెక్సాస్‌లో గ్వాడలూప్ నది పొంగి ఒకే శిబిరంలో పిల్లలు, సహాయకులు కలిసి 27 మంది చనిపోయారు. ఆ శిబిరానికి లైసెన్సు ఉంది. రెండు రోజుల ముందే తనిఖీ కూడా జరిగింది. వరద ముంపు ప్రాంతంలో బస గదులున్న శిబిరాలకు లైసెన్సు ఇవ్వకూడదనే చట్టం ఆ తరువాత వచ్చింది. కాబట్టి తనిఖీకి వచ్చే అధికారి ఫైలు చూసి సంతకం పెట్టి వెళ్లిపోతే లాభం లేదు. రాత్రి పూట ఈల ఊదించి, పిల్లలందరూ ఎత్తు ప్రదేశానికి చేరి హాజరు చెప్పడానికి ఎంతసేపు పట్టిందో కళ్లారా చూడాలి.

పెద్దల సంఖ్యకూ లెక్క ఉండాలి. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం రాత్రి బస ఉన్నచోట 6 నుంచి 8 ఏళ్ల పిల్లలు ఆరుగురికి ఒకరు, 9 నుంచి 14 ఏళ్లవారు ఎనిమిది మందికి ఒకరు. వంటవాళ్లను, డ్రైవర్లను కలిపి లెక్క చూపిస్తే ఒప్పుకోకూడదు. తలుపు మూసిన గదిలో ఏ పెద్దమనిషీ ఒంటరిగా ఒక పిల్లతోనో పిల్లవాడితోనో ఉండకూడదన్నది కూడా అదే అనుమతి పత్రంలో రాసి ఉండాలి. ఎంత పేరున్నవారికైనా మినహాయింపు ఉండకూడదు.

చిన్న నిర్వాహకులకు ఇదంతా తలకు మించిన ఖర్చు అంటారు. ఈత రక్షకుణ్ని పెట్టుకునే స్తోమత లేకపోతే ఈత మానేయండి. చెట్ల కింద ఆటలు ఆడించండి, పక్షులను చూపించండి, అది కూడా మంచి శిబిరమే.

చట్టం ఎప్పుడు వస్తుందో తెలియదు. ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. శిబిరం ప్రకటనలో భద్రత బాధ్యుడి పేరు, నీటి దగ్గర, ప్రథమ చికిత్సకు ఉండేవారికి ఉన్న శిక్షణ, రెండు వాక్యాల్లో ఇవ్వనివారి ప్రకటన వేసుకోబోమని ప్రకటించండి. ఆదాయం తగ్గుతుందని మీ ప్రకటనల విభాగం అనవచ్చు. ఈ లేఖ అచ్చువేస్తే వారి జవాబు కూడా పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు