జయపురం మిత్రుడికి, బడి కాగితం గురించి

పర్లాకిమిడి,
నవంబరు, శనివారం రాత్రి

ఒరేయ్,

వందనాలు. నువ్వూ చెల్లెమ్మా పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. చలికి అమ్మ మోకాళ్లు కాస్త పట్టేశాయి, అంతే. మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు చుట్టూ పిల్లలు, చేతిలో పరీక్ష పేపర్లు, సరిగ్గా మాట్లాడనే లేదు. మీ బడిలో తల్లిదండ్రులకి వారం వారం పంపే కాగితం ఇకనుంచి నువ్వే రాయాలన్నారట కదా. చాలా సంతోషం. నీ టెన్షన్ కూడా అర్థమైంది. ఇది ఫోనులో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నోటీసే కదా, అందులో ఏముంది అంటారు చాలామంది. ఆ మాట నేను ఒప్పుకోను. కాగితం ఇంటికి సరిగ్గా చేరకపోతే దెబ్బ తగిలేది పెద్దవాళ్లకి కాదు, పిల్లలకి. తరగతి అంతా తెల్ల గౌన్లు వేసుకుని వచ్చిన రోజున ఒక్క పిల్ల మామూలు యూనిఫారంలో వచ్చిందనుకో. ఎవరూ దాన్ని ఏమీ అనరు. అయినా ప్రార్థన జరిగినంతసేపూ అది లైన్లో వెనక్కి వెనక్కి జరుగుతూనే ఉంటుంది, కళ్లు మూసుకోదు, పక్కవాళ్ల గౌన్ల వంకే చూస్తుంది. ఆ పిల్ల ఇంటికి ఆ కబురు వెళ్లలేదు, లేదా వెళ్లినా అర్థం కాలేదు. కాబట్టి ఒక్కొక్క సంగతీ రాసే ముందు నేను చూసుకునేది ఇదే: ఇది తెలియకపోతే ఏ పిల్లవాడు తలవంచుకుని నిలబడాల్సి వస్తుంది? అలాంటివన్నీ పైన పెడతాను. విజిటర్లు ఎవరొచ్చారు, పోటీల్లో కప్పులు ఎన్నొచ్చాయి లాంటివి కిందికి పోతాయి. చోటు లేకపోతే వచ్చే వారానికి పోతాయి.

ఈ వారం కాగితంలో నాకు బాగా ఆలోచన పెట్టింది గురువారం. సెమీ క్రిస్మస్ (క్రిస్మస్‌కి ముందే బడిలో చేసుకునే వేడుక) ఏ రోజు పెట్టుకుందాం అని స్టాఫ్ మీటింగులో అడిగితే కొందరు గురువారం అన్నారు. నేను వద్దన్నాను. మన బడి పేరుకి క్రైస్తవ బడే కానీ సగానికి సగం పిల్లలు హిందువుల ఇళ్ల నుంచి వచ్చేవాళ్లే కదా. మార్గశిర గురువారాలంటే ఒడియా ఇళ్లలో మాణబసా, అంటే లక్ష్మీ పూజ. తెల్లవారకముందే లేచి గుమ్మం నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో లక్ష్మీదేవి పాదాలు వేస్తారు. ఆ రోజు ఇంట్లో నీచు ముట్టరు. మన తెలుగు వాళ్లూ అదే నెలలో లక్ష్మీ పూజ చేస్తారు, కానీ రెండు నెలలూ ఒకేసారి మొదలవ్వవు. ఒడియా వాళ్లకి కార్తీక పున్నమి దాటగానే మార్గశిరం వస్తుంది. మనకి అమావాస్య దాటాక వస్తుంది. ఇద్దరివీ కలిపి చూస్తే ఇంచుమించు ఆరు వారాల పాటు గురువారం పొద్దున ఏదో ఒక ఇంట్లో తల్లికి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అలాంటి రోజున పేరెంట్స్ మీటింగ్ పెట్టి, మధ్యాహ్నం చికెన్ పలావు వడ్డిస్తే ఆ పిల్లలు ప్లేటు ముందు ఏం చెయ్యాలి? మొత్తానికి శుక్రవారానికి మార్చారు. కాగితంలో కారణం కూడా రాశాను, "గురువారం పూజలు ఉంటాయి కనుక" అని. ఆ ఒక్క ముక్క చదివి ఒక తల్లి గేటు దగ్గర ఆగి మరీ, మా సంగతి కూడా గుర్తుంచుకున్నారు మాస్టారూ అంది. మీ జయపురంలో కూడా ఈ లెక్క చూసుకో, ముఖ్యంగా డిసెంబరులో.

అన్నట్టు మీ లూథరన్ సంఘాల్లో ఆడ్వెంట్ ఆదివారాలు శ్రద్ధగా పాటిస్తారు కదా, 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి మిషనరీలు వచ్చిన నాటి నుంచీ ఉన్న పద్ధతి. మా బాప్టిస్టు వాళ్లలో అది అంతగా లేదు. నువ్వు రాసేటప్పుడు మాత్రం మొదటి ఆడ్వెంట్ ఆదివారం ఏ తేదీనో తప్పకుండా వెయ్యి. అది నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య ఏ రోజైనా పడొచ్చు, ఏటా మారుతుంది. "ఆడ్వెంట్ మొదలైంది" అని ఊరికే రాస్తే సంఘానికి రాని ఇళ్లవాళ్లకి ఏమీ తెలియదు. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు, వారానికొక కొవ్వొత్తి వెలిగిస్తాం, మీ పిల్లలు ఈ పాట నేర్చుకుంటున్నారు అని రెండు వాక్యాల్లో చెప్పేయ్. వాళ్లకీ ఆసక్తిగా ఉంటుంది.

ఇక నాటిక. ఏటా ఉండేదే, లూకా రెండో అధ్యాయం, మత్తయి రెండో అధ్యాయం కలిపి. గొర్రెల కాపరులు, దేవదూతలు, జ్ఞానులు. పిల్లలకి ఎంత సంబరమో తల్లిదండ్రులకి అంత ఖర్చు. దేవదూత డ్రెస్సులకి అద్దె ఎంత అడుగుతున్నారో నీకూ తెలుసు. ఈసారి కాగితంలో పాత్రవారీగా రాశాను. కాపరులకి నాన్న లుంగీ ఒకటి, తలకి తుండుగుడ్డ, చేతికి కర్ర, చాలు. దేవదూతలకి తెల్ల చున్నీ ఉంటే చాలు, రెక్కలు బడిలోనే అట్టతో చేస్తాం. "కొత్తవి కొనవద్దు, అద్దెకి తేవద్దు" అని పెద్దక్షరాలతో వేశాను. అది సలహా అనుకోకు, బడి నిర్ణయమే. అలా రాయకపోతే ఒకరు జరీ అంచు పట్టు గుడ్డ తెస్తారు, పక్క పిల్లాడి తల్లి అప్పు చేసి అలాంటిదే తెస్తుంది. బియ్యం సంగతీ అంతే. క్రిస్మస్‌కి పేదల కోసం పిల్లలు గుప్పెడు బియ్యం తెస్తారు. "గుప్పెడు మాత్రమే, అంతకు మించి తీసుకోం" అని రాశాను. చిన్న కాగితం పొట్లాల్లో తెచ్చి అందరూ ఒకే బస్తాలో పోస్తారు. బస్తాలో పడ్డాక ఎవరి గింజ ఏదో ఎవరికి తెలుస్తుంది?

తొమ్మిదో తరగతి వాళ్ల రిజిస్ట్రేషన్ గురించి వేరే కాగితమే పంపాను. ఇది నీకు వివరంగా చెప్పాలి, మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో తప్ప ఇంకెక్కడా ఇంత తలనొప్పి ఉండదు. మన తెలుగు వాళ్లకి ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడియా వాళ్లకి చివర వస్తుంది. బడి రిజిస్టరులో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా చివర ఉంటుంది, బ్యాంకు పాసు బుక్కులో అసలు ఉండదు. తొమ్మిదిలో బోర్డుకి వెళ్లిన పేరే పది సర్టిఫికెట్ మీద పడుతుంది. ఆ తర్వాత దిద్దించుకోవాలంటే చెప్పులరగాల్సిందే. అందుకని "మీ పిల్లల పేరు బోర్డుకి ఇలా వెళ్తోంది" అని ప్రతి ఇంటికీ పేరు రాసి పంపి, కింద సంతకం లేదా వేలిముద్ర తీసుకున్నాం. చాలా తప్పులు దొరికాయి. ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ చెరో ఇంటిపేరు ఉంది! దాంతోపాటే ఆధార్‌లో 5 ఏళ్లు నిండాక ఒకసారి, 15 నిండాక ఒకసారి వేలిముద్రలు కొత్తగా వేయించాలని గుర్తుచేశాను. అది చాలామందికి తెలియదు, స్కాలర్‌షిప్ ఆగిపోయాక తెలుస్తుంది.

ఫీజు బాకీలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ కాగితంలో పెట్టొద్దు. పేర్లు అసలే వద్దు. "కొంతమంది ఇంకా కట్టలేదు" అని కూడా రాయకు. ఆ కొంతమందీ ఎవరో పిల్లలకి తెలుసు. అది అంటించిన కవరులో తండ్రి చేతికే వెళ్లాలి. ఆఫీసువాళ్లు ఒత్తిడి చేసినా నువ్వు గట్టిగా నిలబడాలి రా. ఈ విషయంలో నేను మెత్తబడను, నువ్వూ మెత్తబడకు.

హాస్టల్ పిల్లల గురించి ఒక మాట. మాకు గుమ్మ, నువాగడ, మోహన వైపు నుంచి వచ్చిన సవర గిరిజన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ల నాన్నల్లో కొందరు కేరళ పనులకి వెళ్లారు. ఇంట్లో ఉన్న ఫోను వాళ్ల దగ్గరే ఉంటుంది. మనం వాట్సాప్‌లో పెట్టేసి ఊరుకుంటే ఆ కబురు కేరళలో చేరుతుంది, కొండ మీద తల్లికి చేరదు. అందుకని కాగితం కూడా పంపుతాం, ఆ ఊరి సంఘానికి. 2011 లెక్కల ప్రకారం మా గజపతి జిల్లాలో క్రైస్తవులు దాదాపు 38 శాతం, కాబట్టి ఆ ఊళ్లలో చాలాచోట్ల సంఘం ఉంటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద సవర భాషలో చెప్పేస్తాడు. సెలవులకి పిల్లల్ని తీసుకెళ్లడానికి ఎవరొస్తారో వాళ్ల పేరు ముందే రాసివ్వాలి, ఫోటో కార్డు తేవాలి. మేనమామనని చెప్పినంత మాత్రాన ఎవరితోనూ పంపం. ఇది ప్రతి వారమూ రాస్తాను, అరిగిపోయిన మాటైనా సరే.

భాష గురించి నీకు పెద్దగా చెప్పక్కర్లేదు. ఆఫీసు నుంచి ఇంగ్లీషులో వస్తుంది, ఒడియాలో ఒక టీచరు రాస్తారు, తెలుగు నాది. నేను మాత్రం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే రాస్తాను. "విద్యార్థినీ విద్యార్థుల తల్లిదండ్రులకు తెలియజేయడమేమనగా" అని మొదలుపెడితే రెండో లైను ఎవరూ చదవరు. "రేపు స్వెట్టరు వేసి పంపండి" అంటే చదువుతారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవర పిల్లల కోసం సవర నేర్చుకుని, పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టిన మనిషి. 1936లో ఈ ప్రాంతం ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పని మాత్రం ఇంకా మన చేతుల్లోనే ఉంది అనిపిస్తుంది, ఒక బడి కాగితం రాసేటప్పుడు కూడా. చదవలేని మామ్మల కోసం అదే కాగితాన్ని నేను చదివి రికార్డు చేసి పంపుతాను. రెండు నిమిషాలకి మించనివ్వను. తెలుగు ఒకటి, ఒడియా ఒకటి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఫోను నంబర్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు నీకు గుర్తుందిగా, పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీద ఎంత విరుచుకుపడిందో. కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అలాంటప్పుడు పిల్లల డైరీలో రెండో మనిషి పేరు, ఊరు, ఇంటి గుర్తు కాగితం మీద ఉంటేనే పని జరుగుతుంది. వానాకాలం మొదట్లో ఒకసారి, అక్టోబరుకి ముందు ఒకసారి అడిగి దిద్దించు.

మిగతావి మామూలే. హాఫ్ ఇయర్లీ టైం టేబుల్, స్వెట్టరు రంగు, పోయిన టిఫిన్ డబ్బాల లిస్టు, ఈ వారం కంఠస్థ వాక్యం (మాది యెషయా 9:6). వాక్యం రిఫరెన్సు తప్పకుండా వెయ్యి, ఇంట్లో అమ్మమ్మలు బైబిలు తీసి చూపిస్తారు, పిల్లలకి తొందరగా వచ్చేస్తుంది. ఒక్క పేజీ దాటనివ్వకు. శుక్రవారం ఆఖరి పీరియడ్‌కి ముందే పిల్లల చేతికిచ్చి, డైరీలో పెట్టేదాకా క్లాసు టీచరు చూడాలి. గంట కొట్టాక ఇస్తే గేటు దగ్గరే పడవలైపోతాయి.

నీ మొదటి కాగితం అచ్చుకి ఇచ్చే ముందు ఫోటో తీసి పంపు, చూసి చెప్తాను. మీ ఊళ్లో ఒడియా కూర్పు చేసేవాళ్లు ఎవరో కనుక్కో, మా దగ్గర ఆ పని చేసే టీచరుకి వచ్చే నెల ప్రసవం సెలవు. క్రిస్మస్ సెలవులు మాకు 24 నుంచి. చెల్లెమ్మనీ పిల్లల్నీ తీసుకుని గుణుపురం దాకా వచ్చి అక్కడి నుంచి రైల్లో వచ్చేయండి, బ్రాడ్ గేజ్ అయ్యాక ప్రయాణం హాయిగానే ఉంది. ఏ రోజు వస్తారో ముందే రాయి, స్టేషనుకి వస్తాను.

నీ
పర్లాకిమిడి మిత్రుడు