అక్కాచెల్లెళ్లు మాట్లాడుకున్నారు!

ఒరేయ్ బావా,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు కోప్పడకు. ఇక్కడ అందరం బాగున్నాం, చెల్లికి ట్రాన్స్‌ఫర్ అయింది, మిరప కోతలు సగంలో ఉన్నాయి. అవన్నీ తర్వాత. అసలు సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేట్టు లేదు.

అమ్మమ్మ, చిన్నమ్మమ్మ మాట్లాడుకున్నారు!

కాలవగట్టు పొలం దగ్గర మొదలై, అక్కాచెల్లెళ్లిద్దరికీ ఇన్నేళ్లూ మాటల్లేకుండా చేసిన పంతం, నీకు తెలియనిదేముంది. వాళ్లకి మనం పెట్టిన పేర్లు ఇక మర్చిపో, ముఖ్యంగా ఆ రెండోది.

శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం ఆరాధనలో అయ్యగారు బైబిల్లోంచి యోవేలు 2:13 చదివారు. "మీ వస్త్రములను కాక మీ హృదయములను చింపుకొని" అనేసరికి అమ్మమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. పెట్టుకుంది, మళ్లీ తీసింది. ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు. "బండి తియ్యరా" అంది.

చిన్నమ్మమ్మ అత్తవారిది ఆర్.సి.ఎం., అంటే రోమన్ కథోలిక ఇల్లు కదా, గుమ్మానికి ఎదురుగా యేసు తిరుహృదయం పటం. గుండె చుట్టూ ముళ్లు, పక్కన ఈటె పోటు, పైన మంట. 1670ల్లో ఫ్రాన్సులో మార్గరెట్ మేరీ అనే కన్యస్త్రీ దర్శనాల్లో చూసిన హృదయం అది. 1856లో పోపు ఆ పండుగను కథోలిక సంఘమంతటికీ పెట్టారు. మన లూథరన్ల ఇళ్లలో ఆ పటం ఉండదు. కానీ బావా, మన సంఘానికి పేరిచ్చిన మార్టిన్ లూథర్ గులాబీ ముద్ర నడుమ ఉన్నదీ ఎర్ర గుండే, అందులో నల్ల సిలువ! సిలువ నొప్పి పెట్టినా గుండె రంగు చెడదు, అది చంపదు, బతికిస్తుంది అని 1530లో ఆయనే ఒక ఉత్తరంలో రాశాడు. ఆ పటం ముందు నిలబడితే నాకు అదే గుర్తొచ్చింది.

చిన్నమ్మమ్మ వంటింట్లోంచి శనగపిండి చేతులతో వచ్చి ఆగిపోయింది. ఇద్దరూ నోరు విప్పరు. నాకు ఒకటే టెన్షన్. చివరికి అమ్మమ్మే, "రాతిగుండె తీసేస్తానని దేవుడు అంటుంటే, నేనే గట్టిగా పట్టుకు కూర్చున్నానే" అంది. యెహెజ్కేలు 36:26. "అక్కా" అంటూ ఆమె ఆ పిండి చేతులతోనే పట్టుకుంది. ఏడ్చారు. కాసేపటికి పొలం సంగతి మళ్లీ వచ్చింది, గొంతులు లేచాయి, అయినా ఈసారి ఎవరూ లేచి వెళ్లలేదు.

అమ్మమ్మ ఒక్క ఆదివారం మానని మనిషి, దశమభాగం ఎన్నడూ తప్పని మనిషి. "హృదయమును భద్రముగా కాపాడుకొనుము" అనే సామెతలు 4:23 ఆమె నోటే నేర్చుకున్నాను. ఇన్నేళ్లూ తలుపులు బిగించుకుని కాపాడుకుంది. కానీ అదే వచనంలో జీవధారలు బయలుదేరతాయని కూడా ఉంది కదరా! తలుపులు మూసేస్తే ఎటు పారతాయి? కొత్త గుండె ఇచ్చేది ఆయనే, మనం చేయగలిగిందల్లా ఆ రాయి మీద చెయ్యి వదలడం... నువ్వు వెంటనే బైబిల్లో రోమా పత్రిక తీసి వాదనకి దిగుతావు, తెలుసు. ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి.

ఈస్టర్‌కి తప్పకుండా రా. చిన్నమ్మమ్మ నీకోసం... అదుగో, కూలీల ఆటో వచ్చేసింది, మిగతాది మళ్లీ రాస్తా.

నీ
బావ