ఇంజెరా, రైస్ పేపర్, స్ప్రింగ్ రోల్స్: మా కొట్టులో ఈ నెల మార్పులు

అందరికీ నమస్కారం. వర్జీనియాలో షాంటిలీ, సౌత్ రైడింగ్ వైపు ఉండి ఇథియోపియా, వియత్నాం సరుకుల కోసం మా దగ్గరికి వచ్చేవాళ్ళకి కొన్ని విషయాలు చెప్పాలి.

ముందుగా మా తప్పు. ఫ్రీజర్‌లోని కూరగాయల స్ప్రింగ్ రోల్స్‌కి ‘వెజ్’ చీటీ అంటించి రెండు వారాలు అమ్మాం. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో ఫిష్ సాస్ ఉంది. మేం చదవకుండా చీటీ వేశాం. సరుకంతా తీసేశాం. ప్యాకెట్ విప్పేసినా, రశీదు లేకపోయినా డబ్బు తిరిగి ఇస్తాం. తెలియక తిన్న శాకాహారులు మమ్మల్ని క్షమించాలి.

వియత్నాం వంటలో పైకి కూరగాయలే కనిపించినా ఉప్పదనం చాలాసార్లు చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసిన ఆ ఫిష్ సాస్ నుంచే వస్తుంది. కూరగాయల ఫో (బియ్యపు నూడుల్స్ వేసిన చారు) అన్నా, చారు ఎముకలతో కాచింది కావచ్చు. హోటల్లో అడగాల్సిన మాట ‘చై’. అంటే బౌద్ధుల శాకాహారం. చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు, అంటే మన అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో, చాలామంది చై తింటారు. నిష్ఠగా వండేచోట మన కార్తీకమాసం వంటలాగే ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు.

ఇక ఇంజెరా, అంటే టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి దోసెలా పోసే ఇథియోపియా రొట్టె. ఇప్పటిదాకా వారానికోసారి తెప్పించి ఐదో రోజు వరకూ అమ్మాం. ఇకనుంచి మంగళ, శుక్రవారాల్లో వస్తుంది, మర్నాటికి మిగిలితే అమ్మం. మా దగ్గరికొచ్చే ఇంజెరాలో నిల్వ ఉంచే మందులేవీ వెయ్యరు, తడేమో ఎక్కువ. వేడి ఆరకుండా సంచిలో పెడితే ఆవిరి నీరై దిగి, మూడో రోజుకి మడతల్లో తెల్లటి నూగు కనిపిస్తుంది. అది బూజే. ఆ ముక్క తుంచేసి మిగతాది తినకండి, ప్యాకెట్ మొత్తం పారేసి మాకు చెప్పండి.

ఇంటికెళ్ళగానే సంచిలోంచి తీసి పొడి నూలుగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే బిరుసెక్కి మడత దగ్గర విరుగుతుంది. ఎక్కువ రోజులు ఉంచాలంటే ఒక్కోదాని మధ్య బటర్ పేపర్ వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. తినేముందు తడిగుడ్డ కప్పి మైక్రోవేవ్‌లో 30 సెకన్లు చాలు.

‘గ్లూటెన్ లేదు’ అన్న బోర్డు కూడా దించేశాం. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీల్లో ఉండే జిగురు ప్రోటీన్. గసగసాలంత ఉండే టెఫ్ గింజలో గ్లూటెన్ లేనిమాట నిజమే. కానీ అమెరికాలో దొరికే ఇంజెరాల్లో చాలావాటికి గోధుమపిండో బార్లీయో కలుపుతారు. టెఫ్ పిండి ఖరీదు. పైగా గోధుమ కలిస్తే చిరక్కుండా సాగుతుంది. సీలియాక్ (గ్లూటెన్ పడని జబ్బు) ఉన్నవాళ్ళు మా ప్యాకెట్ కొనొద్దు. గ్లూటెన్ లేదని ధ్రువీకరించిన టెఫ్ పిండి కొనుక్కుని ఇంట్లోనే పోసుకోండి.

2 కప్పుల పిండిని 3 కప్పుల నీళ్ళలో కలిపి, మూత పెట్టి రెండు మూడు రోజులు పులవనివ్వాలి. పైన పసుపుపచ్చగా తేరే నీటిని ఎర్షో అంటారు. దాన్ని వంపేసి, కొంచెం మాత్రం మళ్ళీసారికి తోడుగా దాచుకోండి. తర్వాత అరకప్పు పులిసిన పిండి తీసి కప్పు మరిగే నీళ్ళలో వేసి రాగిజావలా కాచండి. దీని పేరు అబ్సిత్. గోరువెచ్చగా అయ్యాకే తిరిగి పిండిలో కలపాలి. వేడిమీద కలిపితే పులిసే గుణం చచ్చిపోయి ఇంజెరా మీద కళ్ళు (చిన్న చిల్లులు) రావు. ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే. గంటో రెండు గంటలో ఆగి, బుడగలు లేచాక, బాగా కాలిన నాన్‌స్టిక్ పెనం మీద రవ్వ దోసెలా అంచు నుంచి లోపలికి తిప్పుతూ పోయండి. గరిటెతో రుద్దొద్దు, నూనె వద్దు. కళ్ళు విచ్చుకోగానే మూత. అంచు దానంతటదే లేస్తే అయినట్టే, తిరగెయ్యరు. గుడ్డమీద చల్లారాకే ఒకదానిమీద ఒకటి పెట్టండి.

షిరో పొడి, అంటే శనగల్లాంటి పప్పుల్ని మసాలాతో కొట్టిన పొడి, ఎప్పుడూ ఉంటుంది. అది మన బొంబాయి చట్నీకి దగ్గరి చుట్టం. పావు కప్పు పొడిని ముందు చన్నీళ్ళలో కలిపితే ఉండకట్టదు. మొత్తం కప్పు నీళ్ళు, సన్నసెగ మీద పది నిమిషాలు.

రైస్ పేపర్ (రోల్స్ చుట్టుకునే పల్చటి బియ్యపు రేకు) కూడా అమ్ముతాం. గోరువెచ్చని నీళ్ళలో రెండు మూడు సెకన్లే ముంచండి, తీసేటప్పుడు ఇంకా గట్టిగానే ఉండాలి. మెత్తబడేదాకా నానితే చుట్టేటప్పుడు చిరుగుతుంది.

వియత్నాం వంటల్లో వాడే పచ్చి ఆకులు మాత్రం ఇక తెప్పించం. ఫ్రిజ్ చలికి తులసిరకం ఆకు నల్లబడుతుంది, అలాంటిది డబ్బు తీసుకుని ఇవ్వలేం. వాటికి ఫాల్స్ చర్చ్‌లో వియత్నాం కొట్లుండే ఈడెన్ సెంటర్‌కే వెళ్ళండి. 1975 తర్వాత వచ్చిన వియత్నాంవాళ్ళ కొట్లు మొదట ఆర్లింగ్టన్ క్లారెండన్‌లో ఉండేవి. మెట్రో వచ్చి అద్దెలు పెరిగాక చాలామంది అటు మారారు. రూట్ 50 మీద తూర్పుకి పోతే సెవెన్ కార్నర్స్ కూడలి దగ్గరే. ఆదివారం మధ్యాహ్నం కారు నిలపడానికి చోటు దొరకదు, పొద్దున్నే బయల్దేరండి. అక్కణ్ణించి రూట్ 7 మీద కొద్ది దూరంలో బెయిలీస్ క్రాస్‌రోడ్స్, ఆ చుట్టుపక్కల ఇథియోపియా హోటళ్ళున్నాయి. బుధ, శుక్రవారాలు వాళ్ళ ఆర్థొడాక్స్ క్రైస్తవులకి ఉపవాసం, ఆ వంటలో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. ‘యెత్సోమ్ బెయాయ్‌నెతు’ అని అడిగితే ఒకే ఇంజెరా మీద పప్పులు, ఆకుకూరలు, క్యాబేజీ వడ్డిస్తారు. మామూలు రోజుల్లో పప్పులో మసాలా నెయ్యి పడొచ్చు, వీగన్లు అడిగి తెలుసుకోండి.

శుక్రవారం ఇంజెరా కావాల్సినవాళ్ళు బుధవారం రాత్రి 8 లోపు చెప్పండి.