పెయింట్ ఆరేలోగా

అమ్మా,

రాత్రి పదిన్నర దాటింది, ఇంకా స్టూడియోలోనే ఉన్నాను. కంగారు పడకు, షూటింగ్ అయిపోయింది. తెల్లారి ఈ సెట్టు వేరే వాళ్ళది, అందుకని మేం తొక్కిన నేలకి తెల్ల రంగు వేసి వెళ్ళాలి. వేశాను. కానీ గుమ్మం వైపు నుంచి మొదలుపెట్టి లోపలికి వేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు నేనూ, ఒక కుర్చీ, ఈ లాప్‌టాప్ ఇవతల ఉన్నాం. నా చెప్పులు, బ్యాగు అవతల. నవ్వకు.

ఆదివారం ఫోన్‌లో "గ్లామర్ ఫోటోగ్రాఫర్ అంటే ఎవరేమనుకుంటారో, ఉత్త ఫోటోగ్రాఫర్ అని చెప్తున్నాలే" అన్నావు. ఆ మాట రెండు రోజులు గుచ్చుకుంది. ఇన్నేళ్ళు పిల్లలకి వ్యాకరణం చెప్పినదానివి, ఒక సంగతి విను. గ్లామర్ అనే మాట గ్రామర్‌లోంచే పుట్టింది. పెద్ద చదువంటే మంత్రవిద్యేమో అని జనం భయపడే రోజుల్లో, స్కాట్లాండ్‌లో ఆ మాట పలుకు మారి కనికట్టు అనే అర్థంలో నిలిచింది. అంటే మనిద్దరిదీ ఒకటే వృత్తి!

నా కనికట్టులో ఎక్కువ భాగం బరువులు మోయడమే అనుకో. పొద్దున ఆరున్నరకి వచ్చాను. మొదటి ఫోటో తీసేసరికి పదింబావు. ఆ మధ్యంతా స్టాండ్లు నిలబెట్టడం, అవి పడిపోకుండా కాళ్ళ మీద ఇసుక సంచులు వేయడం, వైర్లకి టేపు అంటించడం. అవతల మేకప్ ఒక్కటే రెండు గంటలు. డ్రెస్ ముందు నుంచి చూస్తే ఒంటికి పోతపోసినట్టు ఉంటుంది, వెనక నుంచి చూస్తే వీపంతా క్లిప్పులే.

ముఖానికి ఎదురుగా, కాస్త ఎత్తులో ఒక లైటు పెడతాం. ముక్కు కింద చిన్న సీతాకోకచిలుకలా నీడ పడుతుంది, దాన్ని బటర్‌ఫ్లై లైటింగ్ అంటారు. 1930ల నాటి హాలీవుడ్ తారల ఫోటోల్లో చెంప ఎముకలు చెక్కినట్టు కనిపించేది ఈ లైటు వల్లే. అప్పట్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో దిద్ది చర్మం నున్నగా చేసేవాళ్ళట. ఇప్పుడు ఆ దిద్దుడు నేను కంప్యూటర్‌లో చేస్తాను. పుట్టుమచ్చలు మాత్రం ముట్టుకోను.

ఇదంతా ఒంటరిగా చేసుకునే పనైతే బాగానే ఉండేది. ఈ హాల్లో ఇవాళ ముగ్గురం ఫోటోగ్రాఫర్లం. మధ్యలో నల్ల తెరలు కట్టుకున్నాం కానీ వెలుగు తెరల మాట వింటుందా? ఎంత దిద్దినా మోడల్ గడ్డం కింద ఎర్రటి ఛాయ పోదు. మేకప్ అమ్మాయిని అనవసరంగా విసుక్కున్నాను కూడా. తీరా చూస్తే పక్క సెట్టులో పరిచిన ఎర్ర కాగితం మీద పడ్డ వెలుగు, తెర సందులోంచి మా వైపు వస్తోంది. మోడల్‌ని అక్కడి నుంచి దూరం జరిపాం. దూరం రెట్టింపు అయితే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. నాలుగడుగులతో తీరిపోయే గొడవకి అరగంట పోయింది. ఆ అమ్మాయికి సారీ చెప్పాను.

మధ్యాహ్నం ఇంకో వింత. నేను బటన్ నొక్కకుండానే నా ఫ్లాష్‌లు వెలుగుతున్నాయి! నేను నొక్కినప్పుడేమో సగం ఫోటోలు చీకటిగా వస్తున్నాయి. బ్యాటరీలు మార్చాను, ట్రిగ్గర్ (కెమెరా నుంచి ఫ్లాష్‌లకి రేడియో సంకేతం పంపే చిన్న డబ్బా) మార్చాను, టెన్షన్‌తో చేతులు చెమటలు. మోడల్ పాపం హైహీల్స్ మీద అలాగే నిలబడి ఉంది. చివరికి తేలిందేమిటంటే, మూడో సెట్టులో ఫోటోగ్రాఫరూ నేనూ ఒకే రేడియో ఛానెల్‌లో ఉన్నాం. ఆయన నొక్కితే నా లైట్లు వెలిగిపోతున్నాయి, అవి మళ్ళీ ఛార్జ్ అయ్యేలోపే నేను నొక్కుతున్నాను. ఆయనా పొద్దున్నించీ తన కెమెరా పాడైందనుకుంటున్నాడట. ఛానెల్ 4 నాది, 9 ఆయనది అని గోడ మీద టేపు అంటించి రాసుకున్నాం.

నువ్వు అడగలేక ఆగిపోయిన ప్రశ్నకి కూడా జవాబు చెప్తాను. ఏ బట్టలు, ఎంతవరకు అన్నది మోడల్ ముందే ఒప్పుకుని కాగితం మీద సంతకం పెడుతుంది. సెట్టు మీదకొచ్చాక కొత్తగా అడగడం నా దగ్గర లేదు. స్విమ్‌సూట్ ఫోటోలప్పుడు తెరలు పూర్తిగా మూసి, పనిలేని వాళ్ళందరినీ బయటికి పంపేస్తాను. ఇవాళ పక్క సెట్టు కుర్రాడొకడు క్లాంప్ కావాలంటూ తెర తీశాడు. నా గొంతు హాలంతా వినిపించింది. అచ్చం నువ్వు క్లాసులో అరిచినట్టే అరిచానమ్మా. ఆ తర్వాత మోడల్ భుజాలు కాస్త దిగాయి. అప్పటిదాకా బిగుసుకుని ఉందని అప్పుడే గమనించాను.

సాయంత్రం ఆరు దాటాక మోడల్ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోతుంది, కళ్ళదాకా రాదు. ఎంత మంచి లైటైనా దాన్ని దాచలేదు. అందుకే పావుగంట కెమెరా కింద పెట్టేసి, చెప్పులు విప్పి కూర్చోమన్నాను. వాళ్ళ అమ్మ గురించి మాట్లాడింది. వాళ్ళమ్మా ఇంతేనట, అందరికీ డాన్సర్ అని చెప్తుందట.

మొత్తం 1,140 ఫోటోలు తీశాను. ఇచ్చేవి 12. వాటిలో రెండు నీకు పంపిస్తాను, ఆ అమ్మాయి సరేనంది. అందరికీ ఏం చెప్తావో నీ ఇష్టం, ఫోటోలు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని చూడు.

ఇప్పుడే నేల మీద వేలు పెట్టి చూశాను. ఇంకా కొంచెం అంటుతోంది. మరో పావుగంట పడుతుందేమో.

నీ
చిన్ని