నన్ను హుజూరాబాద్‌లో దింపిన క్యాటరింగ్ తమ్ముళ్లకు

మొన్న ఆదివారం సాయంత్రం ఎల్కతుర్తి దాటాక రోడ్డు పక్కన నిలబడ్డ నన్ను మీ ట్రాలీలో ఎక్కించుకున్నారు. మీలో ఒక్కరి పేరు కూడా అడగలేదు, నంబరు తీసుకోలేదు. తప్పు నాదే. అందుకే ఇట్లా అందరి ముందు రాస్తున్నా. చదివినవాళ్లకు ఎవరికైనా వాళ్లు తెలిస్తే దయచేసి చూపించండి.

నేనొకప్పుడు వంద మీటర్లు పరుగెత్తేవాణ్ని. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, పొద్దున సాయంత్రం ట్రాక్, అదే బతుకు. తొడ వెనక కండరం రెండోసారి చిరిగాక అది అయిపోయింది. ఇప్పుడు కాలేజీల్లో, సంఘాల విందుల్లో మాట్లాడుతుంటాను. విందులే కష్టం. పిల్లలకు నచ్చకపోతే ఫోన్ చూసుకుంటారు. కడుపు నిండిన పెద్దమనుషులు మాత్రం మన మొహంలోకి చూస్తూనే నిద్రపోతారు.

ఆ రోజు హుజూరాబాద్‌లో వ్యాపారుల సంఘం విందు. దారిలో బైక్ చైన్ తెగింది. పంక్చర్ షాపు పెద్దాయన "బండి ఈడనే ఉంచి పో బిడ్డా, రేపు తీస్కపో" అన్నాడు. (ఆయనకూ దండం. మర్నాడు వెళ్లేసరికి కొత్త చైన్ వేయించి పెట్టాడు, దాని ఖరీదు తప్ప పైసా తీసుకోలేదు.) చెయ్యెత్తినా రెండు బస్సులు ఆగలేదు. మీరు ఆగారు. ముందు సీట్లో చోటు లేదు, వెనక బగారన్నం డేగ్‌కూ ప్లేట్ల సంచులకూ మధ్య కూర్చున్నా. చొక్కాకు మసి అంటుతుందని పక్కనున్న తమ్ముడు మెడలో తువ్వాల తీసి నా ఒళ్లో పరిచాడు. మీరూ నేనూ పోయేది ఒకే ఫంక్షన్ హాల్‌కని తెలిసి అందరం నవ్వుకున్నాం.

2021లో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్ఎస్)లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినప్పుడు ఆ తమ్ముడు నీళ్ల క్యాన్లు మోశాడట. అప్పటి నుంచి మనసులో ఉన్న అనుమానం నన్నడిగాడు. "అన్నా, తుపాకి పేలినంక ఉరికినా తీసేస్తరంట, నిజమేనా?"

నిజమే. పెద్ద మీట్లలో, పరుగు మొదట్లో పాదాలు ఆనించే బ్లాక్స్‌కు సెన్సర్లుంటాయి. శబ్దం చెవిలో పడి, మెదడు చెప్పి, కాలు తోసేసరికి కనీసం సెకనులో పదో వంతైనా పడుతుందని లెక్క. అంతకన్నా తొందరగా కదిలితే ఫాల్స్ స్టార్టే. "అంటే ఇనకముందే అనుకొని లేసిండన్నట్టు" అన్నాడు. ఇన్నేళ్లలో నేను ఇంత సూటిగా చెప్పలేకపోయాను. ఇంకోటీ చెప్పా. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. తుపాకి మొదటి లేన్ పక్కన పేలితే ఎనిమిదో లేన్ వాడికి ఆ చప్పుడు దాదాపు 0.03 సెకను ఆలస్యంగా చేరుతుంది. అందుకే ప్రతి బ్లాక్ వెనకా స్పీకర్ పెడతారు. ఈ మాటకు డ్రైవరన్న కూడా అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఆ ఊపులో నా ఫాల్స్ స్టార్ట్ కథ కూడా చెప్పేశా, ఎప్పుడూ వేదిక మీద చెప్పనిది.

వేదికెక్కి మాత్రం నా పాత ప్రసంగమే మొదలుపెట్టా. 1984లో పి.టి. ఉషకు సెకనులో వందో వంతు తేడాతో పోయిన కాంస్యం. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మన కల్లెడ ఊరి దీప్తి జీవాంజి 400 మీటర్లు 55.82 సెకన్లలో పూర్తి చేసి తెచ్చిన కాంస్యం. గొప్ప పరుగులే. కానీ అక్కడ అందరూ వినేసినవే, నేనూ అప్పజెప్పినట్టే చెబుతున్నా. చెంచాల చప్పుడు నా గొంతును మించిపోయింది. టెన్షన్‌లో తర్వాతి మాట మరిచిపోయి నీళ్లు తాగుతూ నిలబడ్డా.

ఐస్‌క్రీం ట్రేతో వేదిక పక్కగా పోతూ మా తమ్ముడు ఆగాడు. "అన్నా, ఇందాక బండ్ల చెప్పింది చెప్పరాదే" అన్నాడు, మెల్లగా.

చెప్పా. రాష్ట్ర మీట్ సెమీస్, నాలుగో లేన్. మా దగ్గర సెన్సర్లు లేవు, స్టార్టర్ కంటికే దొరికిపోయా. 2010 నుంచి రూలు మారింది, ఒక్కసారి తప్పు చేస్తే చాలు, బయటికే. నాయిన ఊరి నుంచి మొదటిసారి నా పరుగు చూడ్డానికొచ్చాడు. పోయి ఆయన పక్కన మెట్ల మీద కూర్చున్నా. ఏడుగురు ఉరికారు, నా లేన్ ఖాళీ. అంతా అయ్యాక "మరి నీదెప్పుడు బిడ్డా?" అన్నాడు. అయిపోయిందని చెప్పా. ఏమీ అనలేదు, సంచిలోంచి సకినాలు తీసి చేతిలో పెట్టాడు.

చెంచాలు ఆగాయి. ఆ తర్వాత ఎంతసేపు మాట్లాడానో గుర్తులేదు.

శాలువా, ఫొటోలు, మళ్లీ ఫొటోలు. అవన్నీ అయ్యి వెనక్కి వచ్చేసరికి డేగ్‌లు లేవు, ట్రాలీ లేదు. డ్రైవరన్న డీజిల్ డబ్బులు వద్దని ముందే అనేశాడు. ఇంటికి పోయి బ్యాగు తెరిస్తే మీ తువ్వాల కనిపించింది, ఎర్ర అంచుది. తమ్ముడూ, ఉతికి మడిచి పెట్టా. పొద్దున ఆరింటికి జేఎన్ఎస్‌లో ఉంటాను.