ఎనుమాముల మిర్చి ఫోటోలు మీ డేటాను ఎందుకు తిన్నాయంటే

మన యాప్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి లాట్ల ఫోటోలు, రేట్లు చూసే రైతన్నలకు, అడ్తి సేట్లకు, ఖరీదుదారులకు నమస్తే.

పోయిన సోమవారం నుంచి గురువారం దాకా యాప్ తెరిస్తే చాలు డేటా ప్యాక్ కరిగిపోయింది. తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కున్నోళ్లకు ఫోటో ఉండాల్సిన చోట చక్రం తిరుగుడే మిగిలింది. ఫోన్ చేసినోళ్లకు మొదటిరోజు మా ఆఫీసులో "సిగ్నల్ లేదేమో" అన్నారు. ఆ మాట తప్పు, మన్నించండి.

ఫోటోలు మా సర్వర్ నుంచి నేరుగా మీకు రావు. ఒక సీడీఎన్ కంపెనీ కాపీలు దగ్గర పెట్టుకుని పంపుతుంది. చూసిన ఫోటోనే మళ్లీ తెరిస్తే, మీ ఫోన్ ఈట్యాగ్ అనే గుర్తు పంపి "ఇది మారిందా?" అని అడుగుతుంది. మారకుంటే 304 అని చిన్న జవాబొస్తుంది, ఫోటో రాదు. ఆ కంపెనీ మాకు ఒక్క ముక్క చెప్పకుండా సెట్టింగులు మార్చి ఈట్యాగ్ ఎత్తేసింది. ఇక అడిగిన ప్రతిసారీ 200, ఫోటో మొత్తం మళ్లీ దిగుడే.

అంతటితో ఆగలేదు. లింకు చివర ఒక్కో ఫోన్‌కు ఒక్కో టోకెన్, అంటే గుర్తింపు కోడ్, ఉంటుంది. దాన్ని పక్కనబెట్టి కాపీ వెతకాలన్నది మొదటి నుంచీ ఉన్న మాట. టోకెన్‌నూ ఆ కంపెనీ లింకులో కలిపి చూసేసరికి, ఒకే తేజ రకం లాట్‌ను వంద మంది తెరిస్తే వంద వేరే ఫోటోలయ్యాయి. వందసార్లూ మా సర్వర్‌ మీదే పడ్డాయి. అడిగితే "డాక్యుమెంటులో ఉంది" అన్నారు. ఏ డాక్యుమెంటో ఇప్పటికీ పంపలేదు. ఆ కంపెనీని వదిలేశాం.

మా తప్పూ ఒకటుంది. ఫోటో సగంలో తెగితే యాప్ వెంటనే మొదటి నుంచి దించేది. ఇప్పుడు తెగిన బైటు దగ్గర్నుంచే అందుకుంటుంది. మళ్లీ అడిగే ముందు 2, 4, 8 సెకండ్లు ఆగుతుంది. అన్ని ఫోన్లూ ఒక్కసారే మీదపడకుండా ఆ ఆగుడులో కాస్త తేడా పెట్టాం. ఫైలు పేరులోనే ఫోటో వేలిముద్ర లాంటి హ్యాష్ ఉంటుంది. ఫోటో మారితే పేరు మారుతుంది, కాబట్టి ఏడాది పాటు ఫోన్ దాచుకోవచ్చు, "మారిందా?" అని అడిగే పనే లేదు. ఇంకొకరి ఈట్యాగ్‌ను నమ్ముకునే రోజులు పోయాయి.

అసలు కొట్లాట రంగు మీద జరిగింది. అన్నీ వెబ్‌పీ అనే ఫోటో ఫార్మాట్‌లోకి మార్చండి, సైజు పావు వంతుకు పైనే తగ్గుతుందని సలహాలొచ్చాయి. తగ్గుతుంది, నిజమే. కానీ మామూలు వెబ్‌పీ రంగును 4:2:0లోనే దాస్తుంది, అంటే నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు. ఎర్రకాయ పక్కన తెల్లటి తాలు, అంటే రంగు పోయిన నాసి కాయ, ఉంటే అంచు దగ్గర ఎరుపు పాకుతుంది, తాలు తక్కువున్నట్టు కనిపిస్తుంది. జూమ్ చేస్తే తొడిమ కూడా మసకే. తాలు చూసే కదా సేటు రేటు కట్టేది! చపాటా రకానికైతే గిరాకీయే రంగుది. అందుకని జాబితాలో 320 పిక్సెళ్ల వెబ్‌పీ, ఒక్కోటి 15 కేబీ దాకా. నొక్కితేనే 1280 పిక్సెళ్ల జేపెగ్, 4:4:4లో, అంటే ప్రతి పిక్సెల్‌కూ దాని రంగు దానికే, క్వాలిటీ 85, సుమారు 300 కేబీ. ఎన్ని కేబీలో బటన్ మీదే రాసి ఉంటుంది. మొండితనం అనుకున్నా సరే, ఇందులో తగ్గేది లేదు.

రేట్లు ఫోటోల కోసం ఆగవు. జెండా పాట, అంటే పొద్దున రేటు తేల్చే మొదటి వేలం, కాగానే కొన్ని కేబీల అక్షరాలుగా ముందొస్తాయి. నిమిషానికోసారి అడగడం మానేశాం. చిన్న రిక్వెస్టు చేసినా ఫోన్ రేడియో కొన్ని సెకండ్లు మేల్కొనే ఉంటుంది, బ్యాటరీ అక్కడే పోతుంది.

అప్‌డేట్ చేశాక ఫోన్ సెట్టింగుల్లో మన యాప్ స్టోరేజ్‌కు పోయి క్లియర్ క్యాష్ ఒక్కసారి నొక్కండి. పక్కనున్న క్లియర్ డేటా మాత్రం ముట్టుకోవద్దు, మీరు దాచుకున్న లాట్లన్నీ పోతాయి. పైసలు కట్టినోళ్లకు ఆ నాలుగు రోజులు గడువులో కలిపాం.