తేదీల లెక్కలో తప్పులు

సంపాదకులకు,

బెంగళూరు మారతహళ్లి శిక్షణ కేంద్రాల్లో జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న మన పిల్లలకు తేదీ తయారుచేయడం ఒక్క లైను పనిలాగే కనిపిస్తుంది. తప్పులు పుట్టేది అక్కడే. సంవత్సరం, నెల, రోజు విడివిడిగా ఇచ్చేటప్పుడు అందులో నెలల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఆగస్టుకు 8 అని రాస్తే సెప్టెంబరు వస్తుంది. 7 అని ఇవ్వాలి. రోజు మాత్రం 1 నుంచే. ఈ తేడా ఎవరినైనా తికమక పెడుతుంది.

దీనికంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. 2025 ఫిబ్రవరి 30 అని ఇచ్చినా అది ఎర్రర్ చూపదు, చడీచప్పుడు లేకుండా మార్చి 2 చేసేస్తుంది. పైథాన్ భాష, జావా భాషలో తేదీల కోసం ఉన్న లోకల్‌డేట్ అలాంటి తేదీని అక్కడికక్కడే తిరస్కరిస్తాయి. నా దృష్టిలో అదే సరైన పద్ధతి. జావాస్క్రిప్ట్‌లో అయితే తేదీ తయారయ్యాక అందులోంచి నెల, రోజు మళ్లీ బయటికి తీసి, వాడేవారు ఫారంలో నింపిన అంకెలతో పోల్చాలి (నెలకు 1 కలిపి). తేడా వస్తే వెనక్కి పంపాలి. సంవత్సరాన్ని 25 అని రెండంకెల్లో ఇస్తే 1925 అవుతుంది, అదీ చూసుకోవాలి.

పుట్టినరోజులాంటి వాటికి '2025-08-15' అనే స్ట్రింగ్ (అక్షరాల వరుస) ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం ప్రకారం ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రిగా తీసుకుంటుంది. బెంగళూరులో అది ఉదయం 5:30, తేదీ సరిగ్గానే కనిపిస్తుంది. న్యూయార్క్‌లో తెరిస్తే, అక్కడ అప్పటికింకా ముందురోజు రాత్రే కాబట్టి, 14వ తేదీ చూపిస్తుంది. ఇక్కడ పరీక్షిస్తే ఈ తప్పు దొరకదు. కంప్యూటర్ టైమ్‌జోన్ మార్చి చూడాల్సిందే.

మీ విద్య పేజీలో ఇలాంటి పాఠాలకు చోటివ్వండి.

— ఒక పాఠకుడు, బెంగళూరు